చైనుకు తలంటు వద్దు

సైకిలు కిర్రుమంటే ఇంట్లో ఉన్న నూనె ఏదో ఒకటి చైను మీద పోసేయమనీ, ఎంత పోస్తే అంత మంచిదనీ చెప్పే సలహా మన వీధుల్లో తాతల నాటి నుంచి చలామణిలో ఉంది. కొందరు కొబ్బరినూనె అంటారు, కొందరు మెకానిక్ దగ్గర వాడేసిన ఇంజినాయిలు అంటారు, ఈమధ్య కొత్తగా స్ప్రే డబ్బా వచ్చింది. చెప్పేవాళ్ల మనసు మంచిదే కానీ, సలహా మాత్రం శుద్ధ తప్పు.

1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ రూపొందించిన రోలరు చైనుకీ మన సైకిలు చైనుకీ సూత్రం ఒక్కటే. అర అంగుళానికొక పిన్ను, దాని చుట్టూ తిరిగే చిన్న రోలరు. రాపిడంతా పిన్ను చుట్టూ ఉండే కంటికి ఆనని సందులో జరుగుతుంది. నూనె కావలసింది అక్కడ. పైన నిగనిగలాడే నూనె వల్ల ఒరిగేదేమీ లేదు, దుమ్మును పిలిచి కూర్చోబెట్టడం తప్ప. అలాంటి చైను మీది నల్లటి ముద్దను కాస్త తీసి రెండు వేళ్ల మధ్య నలిపి చూడండి, గరగరలాడుతుంది. అది రోడ్డు మీది ఇసుక. పిన్నులను లోలోపల అరగదీసేది అదే.

కొబ్బరినూనె సంగతి. అది సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. డిసెంబరు పొద్దున్న ఆదిలాబాదులో సీసా బోర్లించినా చుక్క రాలని నూనె పిన్ను సందులోకి ఎలా దిగుతుంది? మిగతా వంటనూనెలకు గాలి తగిలితే జిగురు పుడుతుంది. నమ్మకపోతే మీ వంటింట్లో నూనె డబ్బా మూత అంచును గోటితో గీకండి. ‘మరి ఎద్దుబండి ఇరుసుకు ఆముదం కందెన పెట్టలేదా?’ అని వాదించేవారున్నారు. పెట్టారు. చక్రం ఊడదీసి, పాతది తుడిచి, మళ్లీ మళ్లీ పెట్టారు. ఆ ఓపిక గురించి మాత్రం ఈ పెద్దమనుషులు మాట్లాడరు.

ఊరికే దొరుకుతుంది కదా అని నల్లబడ్డ ఇంజినాయిలు తెచ్చుకుంటే, ఇంజిను కక్కిన మసి, లోహపు పొడి కూడా దాంతోపాటే ఇంటికొస్తాయి. ఇక డబ్ల్యూడీ-40 స్ప్రే. 1953లో అమెరికాలోని శాన్‌డియెగోలో దాన్ని తయారుచేసింది నీటిని తరిమి తుప్పును ఆపడానికి. బిగుసుకుపోయిన నట్టు మీద భేషుగ్గా పనిచేస్తుంది. చైను మీద కొడితే ఉన్న నూనెను కరిగిస్తుంది, తాను మిగిల్చే పలచటి పొరేమో ఎక్కువ రోజులు నిలవదు. అరుపు మాత్రం వెంటనే ఆగుతుంది. అందుకే జనం మోసపోతారు.

చేయవలసింది ఇంతకన్నా తేలిక. చైను కవరు ఉంటే విప్పండి. పాత బనియను గుడ్డతో చైనును పట్టుకుని, గుడ్డకు నలుపు అంటడం తగ్గేదాకా పెడలు వెనక్కి తిప్పండి. మరీ మడ్డి పడితే కిరోసిన్‌తో కడగొచ్చు, కానీ పూర్తిగా ఆరాకే నూనె వేయాలి. సైకిలు షాపులో దొరికే చైను నూనె ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క. కుట్టుమిషను నూనె కూడా వేసుకోవచ్చు, పలచన కాబట్టి త్వరగా పోతుంది. కాసేపు పెడలు తిప్పి, లోపలికి దిగనిచ్చి, పైన మిగిలినదంతా తుడిచేయాలి. మనవాళ్లు ఎగ్గొట్టేది ఈ ఆఖరి తుడుపునే. చైను నుంచి కారిన నూనె రిమ్ముకు అంటితే బ్రేకు కట్టలు పట్టుకోవు. వానలో తడిసి వచ్చిన రోజు నూనె సీసా కన్నా ముందు పొడిగుడ్డ తీయండి.

అన్నీ ఇంట్లోనే చేసేయమని నేననను. కాటరు పిన్ను కొట్టడం, చక్రం వంకర తీయడం మెకానిక్ పనే. ఏడాదికోసారి ఓవర్‌హాలింగ్ చేయించండి.

ఒక్క కొలత మాత్రం ఎవరికి వారు తీసుకోవచ్చు. చైను సాగిందంటాం గానీ పలకలు సాగవు, పిన్నులు అరిగి సందులు పెరుగుతాయి. అంగుళాల గీతలున్న అడుగు స్కేలును చైను మీద పెట్టి ఒక పిన్ను నడిమధ్య నుంచి 24 అరంగుళాలు లెక్కపెట్టండి. కొత్త చైనులో సరిగ్గా 12 అంగుళాలకు పిన్ను మధ్య పడుతుంది. అంగుళంలో 1/16 వంతు దాటితే చైను మార్చాలి. 1/8 వంతు దాకా ఊరుకుంటే అప్పటికి ఫ్రీవీలు పళ్లు కూడా అరిగిపోయి ఉంటాయి. వాటి మీద కొత్త చైను వేసినా జారుతుంది, డబ్బాడు నూనె పోసినా జారుతుంది.