బోరు పాయింటు ఎవరు చూడాలె?

మన దిక్కు బోరు వేయాలంటే ముందుగాల టెంకాయ పట్టి పాయింటు చూపేటాయనను పిలుస్తం. నీళ్లు పడకుంటే ఇంకో పాయింటు, ఇంకో అప్పు.

నిజామాబాద్ చుట్టూ ఉన్నది గ్రానైటు. దీంట్ల నీళ్లు పైన మెత్తబడ్డ రాతిపొరలనో, కింద పగుళ్లలనో ఉంటయి. పగులు తాకకుంటే బోరుబండి ఎంత లోతు దిగినా లేచేది దుమ్మే. అదే మద్నూర్, జుక్కల్ దిక్కు పోతే రాయే వేరు, దాదాపు 6.6 కోట్ల ఏండ్ల కిందటి లావా. టెంకాయకు ఈ తేడా తెల్వదు. జియాలజీ చదివిన పిల్లకు తెలుస్తది.

కానీ చదివేదెవరు? 1931ల నిజాంసాగర్ కట్టుడు అయిపోయింది. ఆ నీళ్ల మీద చెరుకు, చెరుకు మీద బోధన్ శక్కర్‌నగర్. 2015ల ఆ ఫ్యాక్టరీ బందయింది. కార్మికుల పిల్లలకు ఇంజినీరింగో, గల్ఫో తప్ప మూడో తొవ్వ చెప్పెటోళ్లు లేరు.

తొవ్వ ఉన్నది. జియాలజీల ఎమ్మెస్సీ చేస్తే యూపీఎస్సీ పెట్టే జియో-సైంటిస్టు పరీక్ష రాయొచ్చు. జీఎస్‌ఐకి, కేంద్ర భూగర్భజల బోర్డుకు జియాలజిస్టులను తీసుకునేది దాన్నుంచే. ఉస్మానియాల జియాలజీ ఉన్నది. 1961ల పెట్టిన ఎన్‌జీఆర్‌ఐ కూడా హైదరాబాద్‌లనే ఉన్నది. ఆ గేటు దాక మన పోరలను తోల్కపోయేటోళ్లే తక్వ.

బడి సార్లను మేం అడిగేది ఇదీ: టెన్త్ పిల్లలను ఒకరోజు ఖిల్లా గుట్ట ఎక్కించండి. బండల మీది పగుళ్లు చూపియ్యండి. వాన నీళ్లు యాడికెల్లి కిందికి దిగుతయో వాళ్లనే చెప్పమనండి.