సొమ్ము ఆమెది, సోకు ఎవరిది?

ఆడవాళ్లు మేకప్ ఎందుకు వేసుకుంటారన్న ప్రశ్నకు మనవాళ్ల దగ్గర మూడు సమాధానాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. మగవాళ్లను ఆకర్షించడానికి అంటాడు సంప్రదాయవాది. బానిస మనస్తత్వం వల్ల అంటాడు అభ్యుదయవాది. ఈ మాట అనే అభ్యుదయవాది చాలాసార్లు మగవాడే. ఆత్మవిశ్వాసం కోసం అంటుంది వ్యాపార ప్రకటన. ముగ్గురూ ఒక విషయంలో ఏకీభవిస్తారు: ఆ స్త్రీ మనసులో ఏముందో ఆమెకన్నా తమకే బాగా తెలుసని. అరవై దాటినా మీసాన్ని నల్లగా నిగనిగలాడించుకునే పెద్దమనిషిని మాత్రం ఎవరూ ఇలా బోనెక్కించరు. ఆయన మీసానికి రంగు వేస్తే అది పొందిక. ఆమె పెదవికి రంగు వేస్తే అది సిద్ధాంత సమస్య.

ఎందుకు వేసుకుంటారన్న ప్రశ్న దండగ అని నా వాదన. ఎన్ని మొహాలో అన్ని జవాబులు. ఒకే స్త్రీకి పొద్దున ఒక కారణం, సాయంత్రం ఇంకో కారణం ఉండవచ్చు. ఏ కారణమూ లేక అలవాటుగా వేసుకోవచ్చు. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: వేసుకోకపోతే ఆమెకు ఏమవుతుంది?

ఈ ప్రశ్నకు జవాబు అమెరికా కోర్టు కాగితాల్లో దొరుకుతుంది. నెవాడా రాష్ట్రం రీనో నగరంలో హారాస్ అనే కాసినో ఉండేది. అక్కడి బారులో ఒక స్త్రీ దాదాపు ఇరవై ఏళ్లు పని చేసింది. పనిలో ఆమెకు వంక పెట్టినవాళ్లు లేరు. 2000లో యాజమాన్యం కొత్త నియమం తెచ్చింది. ఆడవాళ్లు పౌడరు, బుగ్గలకు రంగు, మస్కారా, పెదవులకు రంగు పనివేళల్లో తప్పకుండా వేసుకోవాలి. మగవాళ్లు జుట్టు కత్తిరించుకుని గోళ్లు శుభ్రంగా ఉంచుకుంటే చాలు. మేకప్ వేసుకుంటే తాను తానుగా ఉండలేనని, తాగి గొడవ చేసేవాళ్లను అదుపు చేయడానికి కావలసిన నిబ్బరం పోతుందని ఆమె చెప్పింది. ఉద్యోగం పోయింది. దావా వేసింది. 2006లో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఏడుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా చీలి, ఆమెకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. ఆ నియమం మగవాళ్లకన్నా ఆడవాళ్లపై ఎక్కువ భారం వేస్తుందనడానికి ఆమె సాక్ష్యం చూపలేదట! మేకప్‌కు డబ్బు ఖర్చవుతుందని, టైము పడుతుందని రుజువు చేయాలట! ఇది అందరికీ తెలిసిన సంగతే కదా అని విభేదించిన న్యాయమూర్తి ఒకరు రాయవలసి వచ్చింది.

సొమ్మొకడిది సోకొకడిది అన్న మన సామెతకు ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం ఉండదు. పరాయి సొమ్ముతో సోకులు చేసేవాణ్ణి ఎగతాళి చేయడానికి పుట్టిన సామెత అది. రీనోలో అది తిరగబడింది. సోకు కాసినోది, సొమ్ము, సమయం, చర్మం ఆమెవి.

ఈ సంగతిని నయోమీ వోల్ఫ్ చాలా ముందే పట్టుకుంది. 1990లో వచ్చిన ఆమె పుస్తకం 'ది బ్యూటీ మిత్'లో నాకు నచ్చిన భాగం ఉద్యోగాల గురించినది. స్త్రీలు ఉద్యోగాల్లోకి వచ్చిన కొద్దీ అందం అనేది రాయని అర్హతగా మారిందని, ఇంటి పని, ఆఫీసు పని కాక ముస్తాబు మూడో షిఫ్టు అయిందని అంటుంది. నిజమే. ఆన్ హాప్కిన్స్ కథ చూడండి. ప్రైస్ వాటర్‌హౌస్‌లో ఆ ఏడాది భాగస్వామి హోదాకు ప్రతిపాదించిన 88 మందిలో ఆమె ఒక్కతే స్త్రీ. కంపెనీకి కోట్ల డాలర్ల ఒప్పందం తెచ్చిపెట్టిన మనిషి. హోదా రాలేదు. నడక, మాట, దుస్తులు కాస్త ఆడతనంగా మార్చుకోమని, మేకప్ వేసుకోమని, నగలు పెట్టుకోమని హితవు మాత్రం దొరికింది. 1989లో సుప్రీం కోర్టు దీన్ని లింగ వివక్ష కింద లెక్కించింది. భాగస్వామిని చేయడం ఇష్టం లేనివాళ్లకు ఆమె లిప్‌స్టిక్ ఒక సాకు. ఆమె వేసుకుని ఉంటే మరో సాకు వెతికేవారు.

అయితే వోల్ఫ్ పుస్తకంతో నాకు రెండు తగాదాలున్నాయి. మొదటిది వైద్యవృత్తిలో ఉన్నవాళ్లెవరైనా పెట్టుకునే తగాదా. అనొరెక్సియా వల్ల అమెరికాలో ఏటా లక్షా యాభై వేలమంది స్త్రీలు చనిపోతున్నారని ఆమె రాసింది. అది జబ్బుపడిన వారి గురించి చెప్పిన సంఖ్య, చనిపోయినవారిది కాదు. తర్వాతి ముద్రణలో దిద్దుకుంది. కాని ఆ సంఖ్య అప్పటికే ఊరూరా తిరిగింది. రోగం నిజమైనది, ప్రాణాంతకమైనది. దానికి లేని శవాలను తెచ్చి జత చేయడం ఎందుకు? స్త్రీల బాధ ఉన్నదున్నట్టు చెబితే చాలదన్న అనుమానం రచయిత్రికే ఉంటే, చదివేవారు ఎలా నమ్ముతారు?

రెండో తగాదా ఇంకా పెద్దది. ఆ పుస్తకంలో స్త్రీలు ఎక్కువగా తోలుబొమ్మలు. తాళ్లు పరిశ్రమ చేతిలో ఉంటాయి. దీనికి విరుగుడు కేథీ పైస్ 1998లో రాసిన 'హోప్ ఇన్ ఎ జార్'. పైస్ చరిత్రకారిణి. అమెరికాలో ఈ వ్యాపారాన్ని మొదట నిలబెట్టినవాళ్లలో ఎందరో స్త్రీలేనని ఆమె చూపిస్తుంది. ఎలిజబెత్ ఆర్డెన్ కెనడా రైతు బిడ్డ. హెలెనా రూబిన్‌స్టైన్ పోలండ్ నుంచి వలస వచ్చిన యూదు స్త్రీ. మేడమ్ సి. జె. వాకర్ 1867లో లూసియానాలో, బానిసత్వం నుంచి అప్పుడే బయటపడ్డ దంపతులకు పుట్టింది, బట్టలుతికి బతికింది, తర్వాత కేశ సంరక్షణ వస్తువులు తయారుచేసి, అమ్మడానికి వేలమంది నల్లజాతి స్త్రీలకు శిక్షణ ఇచ్చింది. తెల్లవాళ్ల వంటిళ్లు, చాకిరేవులు తప్ప వేరే బతుకుతెరువు లేని ఆడవాళ్ల చేతికి సొంత సంపాదన వచ్చింది. 1917లో ఫిలడెల్ఫియాలో వాళ్లంతా సమావేశమై, నల్లవాళ్లపై జరుగుతున్న హత్యాకాండను ఖండిస్తూ అధ్యక్షుడు విల్సన్‌కు తంతి పంపారు. తలనూనె అమ్ముకునే ఆడవాళ్లు! వీళ్లను బానిస మనస్తత్వం అన్న అరలో పెట్టి తాళం వేయగల సిద్ధాంతకర్త ధైర్యవంతుడే.

స్త్రీవాదులు అలంకారాలకు శత్రువులన్న ప్రచారానికి మూలం 1968 సెప్టెంబరు 7. ఆ రోజు అట్లాంటిక్ సిటీలో మిస్ అమెరికా పోటీ బయట నిరసన తెలిపిన స్త్రీలు ఒక చెత్తడబ్బా పెట్టి, అందులో ఎత్తుమడమల చెప్పులు, దొంగ కనురెప్పలు, బిగుతు లోదుస్తులు, జుట్టు వంకీల చుట్టలు పడేశారు. ఏదీ తగలబెట్టలేదు. అయినా ‘బ్రాలు తగలబెట్టే ఆడవాళ్లు’ అన్న మాట ప్రపంచమంతా పాకి, మన సాహిత్య సభల దాకా వచ్చి, ఇప్పటికీ హాస్యోక్తిగా చెలామణీ అవుతోంది. ఆ డబ్బాలో ఏముందో చూసినవాళ్లకన్నా లేని మంటను చూసినవాళ్లే ఎక్కువ.

అట్లాంటిక్ సిటీ డబ్బాను మాత్రం ఉన్నదున్నట్టు మన వాకిట్లో పెట్టడం కుదరదు. అక్కడి స్త్రీలు తమంతట తాము తీసి పారేశారు. మన ఇళ్లలో బలవంతంగా తీయించారు. భర్త పోయిన స్త్రీకి బొట్టు చెరిపి, గాజులు పగలగొట్టి, పూలు తీసేసి, బ్రాహ్మణ ఇళ్లలో తల గొరిగించి మూల కూర్చోబెట్టిన సమాజం మనది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం జరిపించిన మొదటి వితంతు వివాహం ఒక భర్తనే కాదు, బొట్టును, గాజులను, పూలను కూడా తిరిగి ఇచ్చింది. అలంకారం తగిలించడం ఒకచోట సంకెల అయితే, అలంకారం ఊడబెరకడం ఇంకోచోట శిక్ష. అందుకే భర్త పోయాక బొట్టు మానని తెలుగు స్త్రీ, మేకప్ వేయనన్న రీనో స్త్రీ నాకు ఒకే పక్షంలో కనిపిస్తారు. మొహం నాది అంటున్నారు ఇద్దరూ.

ఈ మాట మన సాహిత్య లోకానికి ఇంకా చెవికెక్కలేదు. కవయిత్రి పట్టుచీర కట్టి, లిప్‌స్టిక్ వేసుకుని వేదికెక్కితే ‘ఇదేం స్త్రీవాదం’ అంటారు. నేతచీర కట్టి, నెరిసిన జుట్టుతో వస్తే ‘అందుకే స్త్రీవాది అయింది’ అంటారు. ఏ వేషంలో వచ్చినా కవిత్వం మీద మాట్లాడవలసిన పని మాత్రం తప్పించుకుంటారు. విమర్శకుడి సోమరితనానికి కవయిత్రి మొహం మంచి ఆసరా.

ఇక ప్రకటనల సంగతి. ‘నీ కోసం నువ్వు’ అన్నది నేటి నినాదం. 1975లో హిందుస్తాన్ లీవర్ వాళ్లు ఫెయిర్ అండ్ లవ్లీ తెచ్చారు. తెల్లబడితే పెళ్లి, తెల్లబడితే ఉద్యోగం అని దశాబ్దాలపాటు చెప్పి, 2020లో అమెరికాలో నల్లజాతి ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజుల్లో పేరులోని ఫెయిర్ తీసేసి గ్లో పెట్టారు. పేరు మార్చుకోవడానికి ఏడాది పట్టలేదు. నలుపు తక్కువన్న నమ్మకం మనింటి పెళ్లిచూపుల్లో ఏ పేరూ మార్చుకోకుండా కూర్చుని ఉంది.

స్వేచ్ఛ అన్న మాట వాడాలంటే ఏం పూసుకుంటున్నామో తెలియాలి. 1930లలో అమెరికాలో కనురెప్పలకు వేసే ఒక రంగు వల్ల కొందరు స్త్రీల కళ్లు పోయాయి. అలాంటి వస్తువులను ఆపే అధికారం ప్రభుత్వానికి 1938 చట్టంతో గాని రాలేదు. మన ఊళ్ల మందుల దుకాణాల్లో తెల్లబడటానికని చీటీ లేకుండా కొనే కొన్ని పూతల్లో బెటామెథసోన్, క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్లుంటాయి. కొన్నాళ్లు మొహం నున్నగా అవుతుంది. తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు, రోమాలు వస్తాయి, ఆపితే మంట. మరికొన్ని పూతల్లో పాదరసం ఉంటుంది, అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పెట్టె మీద రాయని విషాన్ని కొనడం ఎవరి ఎంపిక? ఇక్కడ కోపం రావలసింది కొన్నవాళ్ల మీద కాదు, అమ్మినవాళ్ల మీద, అమ్మనిచ్చినవాళ్ల మీద.

మేకప్ ఆడవాళ్ల యావ అనేవాళ్లకు ఒక చిన్న సమాచారం. హిందీ సినిమా రంగంలో కొన్ని దశాబ్దాలపాటు మేకప్ కళాకారులుగా సంఘంలో సభ్యత్వం మగవాళ్లకే ఇచ్చారు. ఆడవాళ్లు జుట్టు దువ్వడానికి మాత్రమే పనికొస్తారన్నారు. కారణం మగవాళ్ల జీవనోపాధి. 2014 నవంబరులో సుప్రీం కోర్టు చెల్లదని కొట్టివేసేదాకా ఇదే కట్టుబాటు. మొహం ఆమెది, రంగు ఆమెకు, కూలి మాత్రం అతనిది. రంగు వెనక ఉన్న రాజకీయం ఇది. ఇన్నేళ్లూ మన వ్యాసకర్తలు పెదవుల దగ్గరే ఆగిపోయారు.

నా కొలబద్ద చిన్నది. వేసుకున్నా వేసుకోకపోయినా జీతం, గౌరవం, పెళ్లి, వేదిక తేడా లేకుండా దొరికే చోట మేకప్ ఒక సరదా. దాని జోలికి ఎవరూ పోనక్కరలేదు. తేడా వచ్చే చోట అది సుంకం. సుంకం కట్టే మనిషిని ఎందుకు కడుతున్నావని తిట్టేవాడు సంస్కర్త ఎలా అవుతాడు? వసూలు చేసేవాడి గల్లా పట్టుకోవాలి. వర్జిన్ అట్లాంటిక్ విమాన సిబ్బందికి మేకప్ తప్పనిసరి అన్న నియమాన్ని 2019లో ఎత్తేసింది. అలా ఎత్తేయవలసిన నియమాలు, రాసినవీ రాయనివీ, ఇంకా చాలా ఉన్నాయి. ఇష్టపడి వేసుకునేవాళ్లను వాళ్ల అద్దం దగ్గర వదిలేయండి. సొమ్ము ఆమెది, సోకూ ఆమెదే. సోకు తనదైన యజమాని మాత్రం ఆ సొమ్ము తానే కట్టాలి.