పటములోని గ్రంథము



రెన్నెలను దొర 1782లో వెలువరించిన హిందూస్థాన పటమున నొక మూలఁ జిన్న చిత్రము గలదు. రాగిరేకుపైఁ జెక్కి యచ్చొత్తినది. అందు గ్రీకు రోమక శిల్పముల యొరవడిలో నొక స్త్రీ నిలిచియున్నది. ఆమె పేరు బ్రిటానియా. ఇంగ్లీషువారి దేశమే స్త్రీరూపము దాల్చినదని భావము. మన పండితులు శాస్త్రగ్రంథముల నామె కందించుచున్నారు. ఆమె వానిని దన రక్షణలోనికిఁ గైకొనుచున్నదని రెన్నెలే వివరించినాఁడు.

నాకు మొదట నవ్వు వచ్చినది. పిదప మనసు చివుక్కుమన్నది. తాటియాకులకుఁ బసుపు పూసి, గుడ్డఁ జుట్టి, యటుకపై దాఁచిన మన యవ్వలకు గ్రంథరక్షణ మొకరు నేర్పవలెనా?

ఇచ్చుట యన్నమాట మన సీమకుఁ గ్రొత్త గాదు. 1800లో నిజాము కడప సీమను గుంపిణీవారి కిచ్చివేసెను. ఇక్కడి ప్రజల నడిగినవారు లేరు. కర్నూలు 1839లో వారి వశమయ్యెను. ఆ యీవి ‘దత్తమండలము’ లను పేరై మనకంటుకొన్నది. దానిని మాని ‘రాయలసీమ’ యనవలెనని 1928లో నంద్యాల సభలో నిశ్చయించిరి.

ఇఁక 1905లో అవనీంద్రనాథ ఠాకూరు వ్రాసిన భారతమాతను జూడుఁడు. కాషాయాంబర, చతుర్భుజ. ఒక చేత వరికంకులు, ఒక చేత తెల్లని వస్త్రము, ఒక చేత జపమాల. నాలుగవ చేత గ్రంథము. దాని నీమె యెవరికి నందించుట లేదు, తానే పట్టుకొనియున్నది.

మన సీమవాఁ డీ చిత్రము వ్రాసియున్నచో వరికి మాఱు జొన్నకంకి యుంచెడివాఁడు గాఁబోలు.