జాతరకు తయారైనట్టే పార్కుకూ తయారు కావాలి

మా బీబీపేటలో చాలా ఇండ్లకు సెలవులంటే దుబాయి కంపెనీ ఇచ్చినప్పుడే. దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు, ఎండాకాలం సెలవులు పిల్లలకు వస్తాయి, పోతాయి. ఇంటి మనిషి రెండేళ్లకోసారి లీవు మీద దిగినప్పుడే ఆ ఇంట్లో "ఎటన్న పోదాం" అన్న మాట పుడుతుంది. ఆ మాట పుట్టిన పూటే నాకు ఫోన్ వస్తుంది. నాది టెంపో ట్రావెలర్. బండి నాదే, నడిపేదీ నేనే. బీబీపేటతో పాటు జనగామ, యాడారం, తుజాల్‌పూర్, మల్కాపూర్ జనాన్ని పెండ్లిళ్లకూ తీర్థాలకూ తీసుకుపోతుంటాను. ఈ మధ్య వండర్‌లాకూ రామోజీ ఫిల్మ్‌సిటీకీ అడిగేవాళ్లు బాగా పెరిగారు.

పెరగడం మంచిదే. బీడీలు చుట్టే తల్లి, ఎడారిలో మేస్త్రీ పని చేసే తండ్రి తమ పిల్లలకు ఒక ఆటల రోజు కొనిపెట్టాలనుకుంటే దాన్ని దుబారా అనే హక్కు ఎవరికీ లేదు. నా బాధ వేరు. అంత కష్టపడి కూడబెట్టిన పైసలతో కొన్న ఆ రోజు, ముందుగా నాలుగు సంగతులు కనుక్కోకపోవడం వల్ల సగానికి సగం చేజారిపోతున్నది. నెలనెలా రిసార్టుకు పోయే నగరపు కుటుంబానికి ఒక రోజు పాడైనా వచ్చే నెల ఇంకొకటి ఉంటుంది. రెండేళ్లకు ఒక్క రోజు దొరికేవాళ్లకు అది లేదు. కాబట్టి అందరికన్నా ఎక్కువ తయారీ వాళ్లకే కావాలి.

తయారు కావడం మనకు తెలియని విద్య కాదు. వేములవాడకు పోయేటప్పుడు మా ఆడవాళ్లను చూడండి. కోడెమొక్కు ఎవరిది, పుట్టువెంట్రుకలు ఎవరివి, గది ఎక్కడ దొరుకుతుంది, సద్దిలో పులిహోర ఎంత, సకినాలు ఎన్ని, ముసలవ్వకు బీపీ గోలీలు ఎవరి సంచిలో ఉండాలి, అన్నీ వారం ముందే తేలిపోతాయి. తిరుపతికి 300 రూపాయల దర్శనం టికెట్లు మూడు నెలల ముందు ఆన్‌లైన్‌లో పెడితే, ఊళ్లో ఏ పిల్లగాడు ఫోన్ పట్టుకుని కూర్చోవాలో కూడా ముందే అనుకుంటారు. మేడారం జాతరకైతే బెల్లం ఎంత ఎత్తుకోవాలో, బండి ఎక్కడ ఆపాలో, తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో పెద్దవాళ్లు నోటికి చెబుతారు. అవే కుటుంబాలు పార్కుకు పోయేటప్పుడు మాత్రం ముందురోజు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తాయి. "అన్నా, రేపు పొద్దుగాల మూడింటికి ఎల్లాలె. ఎట్లయినా పోవాలె."

మొదట దూరం సంగతి చెబుతాను, ఎందుకంటే అందరూ తక్కువగా లెక్కేసేది దాన్నే. బీబీపేట నుంచి దోమకొండ మీదుగా భిక్కనూరు దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతాం. రామాయంపేట, తూప్రాన్ దాటి మేడ్చల్ దగ్గర ఔటర్ రింగు రోడ్డు అందుకుంటాం. హైదరాబాదు వచ్చేసిందని వెనక సీట్లలో పిల్లలు కేకలు పెడతారు. కానీ మేడ్చల్ నగరానికి ఉత్తరాన ఉంది, వండర్‌లా ఉన్న రావిర్యాల దక్షిణాన ఉంది. 158 కిలోమీటర్ల ఔటర్‌లో సగం చుట్టు ఇంకా తిరగాలి. పొద్దున్నే మూడింటికి లేచిన చిన్నపిల్లలు సరిగ్గా గేటు ముందరికి వచ్చేసరికి వాంతులు చేసుకుని, ఏడ్చి, నిద్రపోయి ఉంటారు. ఆటలు మొదలయ్యే వేళకే ఆ పిల్లలకు ఓపిక ఉండదు.

లోపల ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. ఒక తండ్రి రెండేళ్ల తర్వాత వచ్చి కొడుకును భుజాల మీద ఎక్కించుకుని పార్కులోకి పోయాడు. ఫోన్‌లో వీడియోలు చూసి చూసి ఆ పిల్లవాడు ఒకే ఒక్క రైడు మీద ఆశ పెట్టుకున్నాడు. దాని దగ్గర ఎత్తు కొలిచే కర్ర ఉంటుంది. పిల్లవాడు ఆ గీతకు అందలేదు. ఆ నిబంధన పిల్లవాడి ప్రాణం కాపాడటానికే ఉంది, దాంట్లో ఎవరి తప్పూ లేదు. అదే సంగతి ఇంట్లో గోడకు నిలబెట్టి కొలిచి ముందే చెప్పి ఉంటే వాడు వేరే ఆట మీద మనసు పెట్టుకునేవాడు. అక్కడ అప్పటికప్పుడు చెబితే ఏడుపే మిగిలింది. తండ్రి ముఖం చూడలేకపోయాను.

ఆడవాళ్ల సంగతి ఇంకా బాధ. నీళ్ల ఆటల్లోకి చీరతో, నూలు బట్టలతో రానివ్వరు. నైలాన్ లాంటి బట్టతో కుట్టిన ఈత దుస్తులు ఉండాలి. మంచి చీర కట్టుకుని వచ్చిన తల్లి గట్టు మీద కూర్చుని అందరి చెప్పులకు, సంచులకు కాపలా కాస్తుంది. టికెట్ ఆమెకూ పూర్తిగానే కొన్నారు. కామారెడ్డి బజారులో ముందే ఒక జత పూర్తి చేతుల ఈత దుస్తులు కొనుక్కుని, ఇంట్లో ఒకసారి వేసుకుని చూసుకుంటే సిగ్గు కూడా తగ్గుతుంది, ఆ రోజు ఆమెది కూడా అవుతుంది. అట్లా తయారై వచ్చిన ఒక అవ్వను చూశాను. మనవరాళ్లకన్నా ముందు అలల కొలనులో దిగింది!

సద్ది గురించి కూడా ముందే అనుకోవాలి. పెద్ద పార్కుల్లోకి బయటి తిండి తీసుకుపోనివ్వరు. గేటు దగ్గర డబ్బాలు ఆపితే గొడవ పడేకన్నా, పొద్దుటి తిండి దారిలో బండి ఆపి కడుపునిండా తినడం, రాత్రికి ఇంకో సద్ది బండిలో ఉంచుకోవడం మేలు. మధ్యాహ్నం భోజనం లోపలే కొనాలి కాబట్టి ఆ ఖర్చును టికెట్ ధరతో కలిపి ఇంట్లోనే లెక్క రాసుకోవాలి. లాకరు, దుస్తుల కిరాయి, పార్కింగు, టోలు, ఇవన్నీ కలిస్తే టికెట్ అనేది మొత్తం ఖర్చులో ఒక భాగం మాత్రమే. వారాంతాల్లో, పండుగల్లో ధర ఎక్కువ, వరుసలు పొడుగు. లీవు మీద వచ్చిన మనిషికి మంగళవారమైనా ఆదివారమైనా ఒకటే కదా. పిల్లలను ఒక్క రోజు బడి మానిపిస్తే సారు ఏమంటాడోనని ఆదివారమే పోతారు. నన్నడిగితే, తండ్రితో గడిపే ఆ ఒక్క రోజుకు బడి అనుమతి ఇవ్వాలి.

రామోజీ ఫిల్మ్‌సిటీ తీరు వేరు. 1996లో మొదలైన ఆ జాగా 1,600 ఎకరాలకు పైనే. లోపల వాళ్ల బస్సులే తిప్పుతాయి. అక్కడ ఆటలకన్నా నడక, ఎండ ఎక్కువ. మోకాళ్ల నొప్పుల పెద్దమనిషిని తీసుకుపోయేవాళ్లు బాహుబలి సెట్టు చూడాలా, పక్షుల పార్కు చూడాలా అన్నది ముందే తేల్చుకోవాలి. ఒకే రోజు ఫిల్మ్‌సిటీ, చార్మినార్, ట్యాంక్‌బండ్ అన్నీ కలిపి అడిగేవాళ్లకు నేను ఒప్పుకోను. ఏదీ చూసినట్టు ఉండదు.

ఇక నా పని గురించి. పొద్దున మూడింటికి బయలుదేరి, అర్ధరాత్రి దాటాక ఇంటికి చేరే ప్రయాణంలో పిల్లలు నిద్రపోతారు, పెద్దలు నిద్రపోతారు, డ్రైవరు ఒక్కడే మేలుకుని ఉండాలి. మోటారు కార్మికునికి రోజుకు 8 గంటల పని అని 1961లోనే చట్టం గీత గీసింది. ఒక్క రోజు ట్రిప్పు ఆ గీతకు రెండింతలు దాటుతుంది. ఒక రాత్రి ఆగండి, చిన్న లాడ్జి అయినా సరే, డ్రైవరుకూ ఒక మంచం ఇవ్వండి అని నేను బతిమాలతాను. గది ఖర్చు ఎక్కువని వద్దంటారు. తిరుగు ప్రయాణంలో ఆ బండిలో ఉండేది వాళ్ల పిల్లలే. 17 సీట్ల బండిలో పాతిక మందిని ఎక్కించి "పిల్లలే కదా, ఒళ్లో కూసుంటరు" అనేవాళ్లకూ ఇదే జవాబు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటు దారిలో కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. దాన్ని చూసిన తర్వాత కూడా బండి నింపుకుని బయలుదేరడం నా వల్ల కాదు.

బండి కిరాయి భారమైతే ఇంకో దారి ఉంది. నా బేరం పోతుందని దాచిపెట్టను. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు, సిటీ బస్సుల్లో కూడా అంతే. ఆధార్ కార్డు చేతిలో ఉంటే చాలు. తల్లీ కూతుళ్లు కామారెడ్డి నుంచి జూబ్లీ బస్‌స్టేషన్‌కు పోయి, బంధువుల ఇంట్లో రాత్రి ఉండి, మర్నాడు తీరిగ్గా పార్కుకు పోవచ్చు. మిగిలిన పైసలు పిల్లల భోజనానికి వస్తాయి.

నీటి ప్రయాణాలకు ఈ జాగ్రత్త పదింతలు కావాలి. పాపికొండలకు పోదామని అడిగేవాళ్లకు నేను 2019 సెప్టెంబరు 15 గుర్తు చేస్తాను. ఆ రోజు గోదావరి వరద మీద ఉంది. దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. అందులో వరంగల్ దగ్గరి కడిపికొండ వాళ్లున్నారు, హైదరాబాదు వాళ్లున్నారు. ఒడ్డున ఉన్న ఊరివాళ్లు పడవలేసుకుని వచ్చి పట్టుకున్నవాళ్లే బతికారు. బోటును పైకి తీయడానికి అక్టోబరు 22 దాకా పట్టింది. అందుకే నది దగ్గర మూడే మూడు ప్రశ్నలు. వరద ఎంత? ఈ బోటుకు అనుమతి ఉందా? లైఫ్ జాకెట్ మనిషికొకటి ఉందా? జాకెట్ ఉక్కపోస్తుందని విప్పి పక్కన పెట్టేవాళ్లతో నేను గట్టిగానే మాట్లాడతాను. నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం పోయే లాంచీ అయినా జలాశయంలో నీళ్లున్నప్పుడే నడుస్తుంది. ఆ సంగతి కనుక్కోకుండా సాగర్ దాకా పోయి ఖాళీ చేతులతో వచ్చినవాళ్లున్నారు.

సముద్రపు ఓడల మీద కూడా మనవాళ్ల మనసు పడుతున్నది. 2022 జూన్‌లో విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు కార్డీలియా ఓడ తిరిగినప్పటి నుంచి గల్ఫ్ నుంచి వచ్చిన కుర్రవాళ్లు దాని ధర అడుగుతుంటారు. ఓడ ఎక్కాలంటే గంటల ముందే రేవు దగ్గర ఉండాలి, ఆలస్యమైతే ఆగదు. అందుకే రైలు దిగి నేరుగా రేవుకు పోవాలనుకోకుండా ఒకరోజు ముందే ఆ ఊరికి చేరాలి. ప్రకటనలో రాసిన ధర మీద రేవు రుసుము, పన్ను కలుస్తాయి, అవి కలిపిన మొత్తమే అడగాలి.

రిసార్టు మెంబర్‌షిప్పు గురించి రాయకుండా ఉండలేను. మా దగ్గరి బంధువు ఒకతను నగరంలో షాపింగుకు పోయి కూపన్ నింపాడు. గోవా ట్రిప్పు గెలిచారు, భార్యాభర్తలిద్దరూ వచ్చి తీసుకోండి అని ఫోన్ వచ్చింది. ఒక హోటల్ హాలులో మూడు గంటలు కూర్చోబెట్టి, చల్లటి నీళ్లిచ్చి, చుట్టూ చప్పట్లు కొట్టించి, ఆ పూటే కార్డు గీయించారు. తర్వాత ఏటా నిర్వహణ రుసుము అన్నారు, కావలసిన తేదీల్లో గదులు లేవన్నారు. ఆ కార్డులోంచి పోయింది అతను ఖతర్‌లో సంపాదించిన సొమ్ము. అక్కడికక్కడే సంతకం పెట్టమనే ఏ బేరానికీ పోకండి. కాగితం ఇంటికి తెచ్చుకుని, చదువుకున్న పిల్లలతో చదివించుకోండి. మోసపోతే మౌనంగా ఉండకుండా 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు 50 లక్షల దాకా కేసు వేయవచ్చు, 5 లక్షల లోపు దానికి ఫీజు కూడా లేదు.

వాన గురించి ఒక్క మాట. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి మీద కురిసిన వానకు జాతీయ రహదారి మీద బండ్లు ఆగిపోయాయి, భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. అటువంటి రోజున టికెట్ డబ్బులు తిరిగి వస్తాయా, తేదీ మార్చుకోవచ్చా అన్నది కొనేటప్పుడే అడగాలి.

పిల్లలు మరీ చిన్నవాళ్లయితే ఈ ఏడు అంత దూరం వద్దనే చెబుతాను. మనకు దగ్గర్లోనే దోమకొండ గడీ ఉంది, 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం అందుకున్న కోట అది. పోచారంలో జింకలున్నాయి, నిజాంసాగర్ గేట్లున్నాయి. సద్ది కట్టుకుని పొద్దున పోయి సాయంత్రం చీకటి పడకముందే ఇంటికి రావచ్చు.

బడులు డిసెంబరు నుంచి ఎక్స్‌కర్షన్లకు బయలుదేరతాయి. హెడ్‌మాస్టర్లకు నా విన్నపం: పైసలు వసూలు చేసే ముందు తల్లిదండ్రులను ఒక్క పూట పిలిపించండి. ఏ బస్సు, ఫిట్‌నెస్ ఉందా, రెండో డ్రైవరు ఉన్నాడా, ఎన్ని సీట్లు, ఎంతమంది పిల్లలు, రాత్రి ఎక్కడ ఆగుతారు, పిల్లల్లో ఎవరికి ఫిట్స్, ఎవరికి ఆయాసం అన్నవి కాగితం మీద రాసి ఇవ్వండి. పార్కుల యాజమాన్యాలు ఎత్తు, బట్టలు, తిండి, వేళల నిబంధనలను తెలుగులో ఒక్క పేజీ అచ్చేసి కామారెడ్డి బస్టాండులో అంటించాలి. ఆ పని వాళ్లు చేయకపోతే పర్యాటక శాఖ చేయాలి. ఇక ఊరివాళ్లకు నేను కోరేది ఒక్కటే. మీ ఇంటి మనిషికి లీవు మంజూరైన రోజే నాకు ఫోన్ చేయండి, ముందురోజు రాత్రి కాదు.