మీటింగుకు రారు, లెక్క అడగరు!

రెండు వందల ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్లో జనరల్ బాడీ మీటింగ్ పెడితే పాతికమంది రారు. కోరం కోసం అరగంట చూసి, వచ్చినవాళ్లతోనే కానిచ్చేస్తారు. ఏడాది ఖర్చంతా పావుగంటలో పాసైపోతుంది. రానివాళ్లు మర్నాడు పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వులు పెడతారు. అదే గ్రూపులో మెయింటెనెన్స్ రెండొందలు పెంచుదామనండి, ఎన్ని గొంతులు లేస్తాయో!

ఏం మనుషులమండీ మనం? కొనేటప్పుడు అడుగుకు పది రూపాయల కోసం బిల్డర్‌తో నెలల తరబడి బేరమాడతాం. అదే బిల్డర్ మన దగ్గర వసూలు చేసిన కార్పస్ ఫండ్ అసోసియేషన్‌కు అప్పజెప్పాడా, అదిప్పుడు ఏ బ్యాంకులో ఉంది అని మాత్రం అడగం. నాలుగు రాళ్లు వడ్డీ ఎక్కువొస్తుందని అంతా తీసుకెళ్లి ఓ చిన్న సహకార బ్యాంకులో పెట్టినా మనకు పట్టదు. ఆ బ్యాంకు మూతపడితే డిపాజిట్ బీమా కింద వచ్చేది అసలూ వడ్డీ కలిపి 5 లక్షలే. లోపల ఎన్ని కుటుంబాలున్నా అసోసియేషన్ ఖాతా ఒక్క డిపాజిటర్ కిందే లెక్క.

కమిటీలూ తక్కువేం తినలేదు. బ్యాంకు స్టేట్‌మెంట్ అడిగితే ‘మా మీద నమ్మకం లేదా?’ అని మొహం మాడ్చుకుంటారు. చెక్కు మీద రెండు సంతకాలన్న నియమం ఉంటుంది. ఖాళీ చెక్కుల మీద ముందే సంతకాలు పెట్టేసి ఒకాయన ఊరెళ్తాడు. పెయింటింగ్‌కు మూడు కొటేషన్లు కావాలంటే మూడూ ఒకే కాంట్రాక్టరు రాయించి తెస్తాడు.

పోయేది డబ్బే కదా అనుకుంటే పొరపాటు. అమెరికాలో మయామీ పక్కన సర్ఫ్‌సైడ్‌లో షాంప్లైన్ టవర్స్ సౌత్ అని 12 అంతస్తుల భవనం ఉండేది. స్విమ్మింగ్ పూల్ డెక్ వాటర్‌ప్రూఫింగ్ పాడైందని, కింద కాంక్రీటు దెబ్బతిందని ఇంజినీరు 2018లోనే రాసిచ్చాడు. అసోసియేషన్ రిజర్వ్‌లో చాలినంత సొమ్ము లేదు. ఒక్కొక్కరు ఎంత కట్టాలన్న దగ్గరే ఏళ్లు గడిచాయి. 2019లో బోర్డు సభ్యుల్లో ఎక్కువమంది రాజీనామా చేసి వెళ్లిపోయారు. ఖర్చు కోటిన్నర డాలర్లకు చేరింది. డెక్ మరమ్మతు మొదలవకముందే, 2021 జూన్ 24 అర్ధరాత్రి దాటాక ఆ భవనంలో పెద్ద భాగం కూలింది. 98 మంది చనిపోయారు. కట్టడంలో లోపాలూ ఉన్నాయి, నిజమే. అయితే ఆ మూడేళ్లు ఏమైనట్టు?

మన సెల్లార్ పైకప్పులోనూ ఇనుము తుప్పు పట్టి కనిపిస్తుంటే, కారు కాస్త పక్కకు పెట్టుకుని పోతున్నాం.

ఈసారి మీటింగుకు రండి. రాలేకపోతే కనీసం బ్యాంకు స్టేట్‌మెంట్, ఆడిట్ రిపోర్టు నోటీసు బోర్డులో పెట్టమని రాతపూర్వకంగా అడగండి. పెట్టబోమన్న కమిటీని దించేయండి. మరెవరూ ముందుకు రాకపోతే మీరే నిలబడండి.