పట్టు జారితే..?

స్నానాలగదిలో పెద్దవాళ్లు జారిపడకుండా గోడకు అతికించే సక్షన్ హ్యాండిళ్లు దొరుకుతున్నాయి. డ్రిల్లింగ్ అక్కర్లేదు, మీట నొక్కితే చాలు. అయితే వాటిని గోడకు పట్టి ఉంచేది బయటి గాలి ఒత్తిడే! కప్పు కింద టైళ్ల మధ్య గీత ఉన్నా, టైలు గరుకుగా ఉన్నా లోపలికి గాలి చేరి పట్టు సడలుతుంది. పొద్దున గట్టిగా ఉన్నది సాయంత్రానికి ఊడిరావచ్చు. అందుకే ప్రతిసారీ లాగి చూశాకే వాడాలి. అదీ తూలకుండా ఆసరాకే. ఒంటి బరువంతా మోపకూడదు. అమెరికాలో వికలాంగుల సౌకర్యాల ప్రమాణాల ప్రకారం ఇలాంటి కడ్డీ 250 పౌండ్ల (సుమారు 113 కిలోల) బరువును తట్టుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మకైతే స్టీలు కడ్డీని స్క్రూలతో గోడకు బిగించడమే మేలు. టైళ్లకు చిల్లులు పడతాయంటారా? తుంటి ఎముక విరగడంకన్నా నయమే కదా!