బిడ్డ వచ్చెదనని వ్రాసినపుడు

మొదటి పరీక్ష తప్పిన కూతురు “అమ్మా, నాకీ చదువు వలదు, ఇంటికి వచ్చెదను” అని వ్రాసినచో, ఆ దినమే తండ్రిని రైలెక్కింపవలదని సోదరీమణులను కోరుచున్నాము.

1918లో ఐడా స్కడ్డరు దొరసాని ఆడుపిల్లలకై వైద్య పాఠశాలగా స్థాపించిన రాయవేలూరి క్రైస్తవ వైద్య కళాశాలలో నొక మంచి యాచారము కలదు. (మొదటి యేట 151 మంది దరఖాస్తు పెట్టిరి, 1922లో చదువు ముగించినవారు 14గురు.) అచట చేరిన పిల్లలను అధ్యాపకుల కుటుంబముల కప్పగింతురు. పిల్ల అప్పుడప్పుడా యింటికి పోయి భోజనము చేయును. ఇంటిపై బెంగయో, పాఠములోని చిక్కో చెప్పుకొనును. మార్కులు చూచి మందలించుటకంటె, మొగము చూచి “అన్నము తింటివా?” యని యడుగుటయే పిల్లను చదువులో నిలుపునని మా యభిప్రాయము. తప్పిన పరీక్ష మరల వ్రాయవచ్చునను మాట గూడ అట్టివారు చెప్పిననే చెవి కెక్కును.

ఇట్టి పెద్దదిక్కు మీ బిడ్డ కళాశాలలో నెవరో చేర్చునాడే కనుగొనుడు. ఆ జాబు వచ్చినపుడు “వారితో మాటాడితివా?” యని మొదట వ్రాయుడు. పిల్లకు తెలియకుండ మాత్రము వారికి జాబులు వ్రాయవలదు. తెలిసినచో మరల వారి గడప త్రొక్కదు. వారితో మాటాడిన పిమ్మటను బిడ్డ వచ్చెదననియే వ్రాసినచో, అప్పుడు తండ్రిని పంపుడు.